కౌంటీ కమిషనర్ అవుతానంటున్న అమ్మాయికి దారి ఎక్కడ మొదలవుతుంది?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫోర్ట్ బెండ్ కౌంటీలో ఉంటాం. సొంతూరు గుంటూరు జిల్లా. మా అమ్మాయికి 17 ఏళ్లు, పదకొండో తరగతి. హైదరాబాద్‌లో పుట్టింది, మూడో ఏట ఇక్కడికి వచ్చింది, గ్రీన్‌కార్డు ఉంది. నాకు పోయిన ఏడాది సిటిజెన్‌షిప్ వచ్చింది. స్కూల్లో గవర్నమెంట్ పాఠం విన్నప్పటి నుంచి కౌంటీ కమిషనర్ అవుతానని పట్టుబట్టింది, కంప్యూటర్ సైన్స్ వద్దంటోంది. ఇది మన జడ్పీటీసీ లాంటి పదవేనా? దీన్ని నమ్ముకుని బతకొచ్చా? ఏం చదివించాలి?

జవాబు: అమ్మాయిని ఆపకండి. అయితే ఈ పదవిని ఉద్యోగంలా చూడనివ్వకండి. ఉద్యోగంలో పనితీరు బాగుంటే నిలబడతారు. ఇక్కడ బాగా పనిచేసినవాళ్లు కూడా ఒక నవంబరు రాత్రి ఓడిపోయి, జనవరి 1న ఆఫీసు తాళాలు ఇచ్చేయాల్సి రావచ్చు. అందుకే ముందు కౌంటీలో పనికొచ్చే ఒక వృత్తి చేతికి రావాలి, పోటీ ఆ తర్వాత. కింద చెప్పేవన్నీ ఈ వరసను నిలబెట్టుకోవడం కోసమే.

ముందు జడ్పీటీసీతో పోలిక సంగతి. మన దగ్గర జిల్లాలో అసలు కార్యనిర్వహణ కలెక్టరు చేతిలో ఉంటుంది. జిల్లా పరిషత్ ఛైర్‌పర్సన్‌ను జడ్పీటీసీ సభ్యులే ఎన్నుకుంటారు. టెక్సస్‌లో కలెక్టరు లాంటి అధికారి లేరు. ప్రజలు నేరుగా ఎన్నుకున్న ఐదుగురే కౌంటీని నడుపుతారు: కౌంటీ మొత్తం ఓటేసి గెలిపించే కౌంటీ జడ్జి, కౌంటీలోని నాలుగు ప్రిసింక్ట్‌ల (నియోజకవర్గాల) నుంచి ఒక్కొక్కరు చొప్పున నలుగురు కమిషనర్లు. ఈ ఐదుగురి సభను కమిషనర్స్ కోర్ట్ అంటారు. పేరులో కోర్టు ఉన్నా అక్కడ జరిగేది బడ్జెట్లు, కాంట్రాక్టులు, రోడ్ల పని. రాష్ట్రంలోని 254 కౌంటీల్లోనూ ఇదే అమరిక. 2020 జనాభా లెక్కల్లో 47 లక్షలు దాటిన హ్యారిస్ కౌంటీకీ, కేవలం 64 మంది ఉన్న లవింగ్ కౌంటీకీ ఐదుగురే. మీ ఫోర్ట్ బెండ్‌లో అప్పటికి 8,22,779 మంది ఉన్నారు. అంటే ఒక్కో కమిషనరు కింద రెండు లక్షల పైచిలుకు జనం.

షెరీఫ్, కౌంటీ క్లర్క్, టాక్స్ అసెసర్-కలెక్టర్, ట్రెజరర్, కానిస్టేబుల్, జస్టిస్ ఆఫ్ ది పీస్ వీళ్లందరూ కూడా విడిగా ఎన్నికై వచ్చినవాళ్లే. కమిషనరు వాళ్లకు పైఅధికారి కాదు. వాళ్లకు డబ్బు కేటాయించగలరు గానీ పని ఎలా చేయాలో ఆదేశించలేరు. లెక్కలు చూసే కౌంటీ ఆడిటర్‌నైతే కమిషనర్లు కాకుండా జిల్లా జడ్జీలు నియమిస్తారు. ఖర్చు పెట్టేవాళ్ల చేతుల్లో తనిఖీ ఉండకూడదని అలా పెట్టారు. కొత్తగా గెలిచినవాళ్లు తరచూ తడబడేది ఇక్కడే. ప్రచారంలో 'షెరీఫ్ ఆఫీసును మారుస్తాను', 'మీ ఇంటి విలువ మదింపు తగ్గిస్తాను' అని మాట ఇస్తారు. ఇంటి విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్. ఆస్తి పన్ను బిల్లులో సాధారణంగా పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. టెక్సస్ కౌంటీలకు సాధారణ జోనింగ్ అధికారం, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో నిర్ణయించే అధికారం, కూడా లేదు. నగరం హద్దు బయట మీ ఇంటి పక్కన గోదాము కడుతుంటే కౌంటీ చేయగలిగింది చాలా తక్కువ. రాష్ట్ర రాజ్యాంగమో శాసనసభో ఇచ్చిన అధికారమే కౌంటీకి ఉంటుంది. ఏది తన చేతిలో ఉందో, ఏది లేదో చెప్పగలిగిన అభ్యర్థిని ఓటర్లు కూడా వేరుగా గుర్తిస్తారు.

ఇప్పుడు మీరు అడగకపోయినా అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సిన విషయం, అమ్మాయి పౌరసత్వం. పుట్టింది హైదరాబాద్‌లో కాబట్టి పోటీకి అర్హత లేదేమోనని చాలామంది అనుకుంటారు. అమెరికాలోనే పుట్టి ఉండాలన్న నియమం కౌంటీ పదవులకు లేదు. మీరు ప్రమాణం చేసిన రోజుకు అమ్మాయికి 18 నిండలేదు, గ్రీన్‌కార్డు ఉంది, మీ సంరక్షణలో మీతోనే ఇక్కడ ఉంటోంది. ఈ మూడూ నిజమైతే ఆ రోజునే ఆమె కూడా పౌరురాలైపోయింది. మళ్లీ విడిగా ఎన్-400 (పౌరసత్వ దరఖాస్తు) వేసి ప్రమాణం చేయనక్కర్లేదు. కావాల్సింది రుజువు. ఆమె పేరు మీద అమెరికా పాస్‌పోర్టు తీసుకోండి, వీలైతే ఎన్-600 ఫారం వేసి పౌరసత్వ సర్టిఫికెట్ కూడా తెప్పించండి. పాస్‌పోర్టు గడువు తీరుతుంది, సర్టిఫికెట్‌కు ఆ బెడద లేదు.

మీ బంధువుల్లో హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలుంటే వాళ్ల కథ వేరు. వాళ్లు ఓటరుగా నమోదు కాకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లూ అంతే. డ్రైవింగ్ లైసెన్సు ఫారంలో ఓటరు నమోదు గడిలో పొరపాటున టిక్కు పెట్టినా తర్వాత ఇమ్మిగ్రేషన్‌లో తీవ్రమైన చిక్కు వస్తుంది. ఆ గడి దగ్గర పిల్లల పక్కన కూర్చోండి.

పోటీకి అర్హతలు ఇవి: 18 ఏళ్లు, పౌరసత్వం, నామినేషన్ గడువుకు ముందు వరసగా 12 నెలలు టెక్సస్‌లో, 6 నెలలు ఆ ప్రిసింక్ట్‌లో నివాసం, అక్కడే ఓటరు నమోదు, క్షమాభిక్ష లేని ఫెలనీ (తీవ్ర నేరం) శిక్ష ఉండకపోవడం. డిగ్రీ అడగరు. కౌంటీ జడ్జికి కూడా లాయరు పట్టా అవసరం లేదు. నివాసం నియమాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అమ్మాయి చదువుకని వేరే రాష్ట్రానికి వెళ్లి అక్కడ ఓటు నమోదు చేసుకుంటే, టెక్సస్ నివాసం తెగిపోయిందని ప్రత్యర్థి వాదించడానికి ఆధారం మీరే ఇచ్చినట్టు. చదువు ఎక్కడైనా సరే, ఇల్లు ఫోర్ట్ బెండే అనుకుంటే ఓటు, లైసెన్సు ఇక్కడే ఉంచి, ఇక్కడి ఎన్నికల్లోనే మెయిల్ బ్యాలెట్‌తో ఓటేయమనండి.

ఇక చదువు. కమిషనరు రోజూ చేసే పని తెలిస్తే ఏం చదవాలో అదే తెలుస్తుంది. నగర హద్దుల బయట ఉన్న రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, మురుగు కాలువలు ఒక పెద్ద భాగం. జైలు ఇంకొకటి. రాష్ట్ర ప్రమాణాల ప్రకారం 48 మంది ఖైదీలకు కనీసం ఒక జైలరు ఉండాలి, అందుకే ఖైదీలు పెరిగితే జీతాల ఖర్చు తప్పక పెరుగుతుంది. మూడోది బడ్జెట్. జూలై 25 ప్రాంతంలో అప్రైజల్ డిస్ట్రిక్ట్ నుంచి ధ్రువీకరించిన ఆస్తి విలువలు వస్తాయి. అక్కడి నుంచి సెప్టెంబరు చివరిదాకా పన్ను రేటు మీద కసరత్తు. పాత ఆస్తుల మీద నిర్వహణ ఖర్చులకు వచ్చే పన్ను రాబడి నిరుటి కన్నా 3.5 శాతానికి మించి పెరిగేలా రేటు పెట్టాలంటే ప్రజల ఓటుకు వెళ్లాలి. 2019లో చేసిన చట్టం ఇది. పన్ను విధించే ఓటుకు ఐదుగురిలో కనీసం నలుగురు సభలో ఉండాలి. మామూలు పనులకైతే ముగ్గురు చాలు. ఈ ఒక్క తేడాతోనే 2022లో హ్యారిస్ కౌంటీలో ఇద్దరు కమిషనర్లు సభకు రాకపోవడంతో ప్రతిపాదించిన పన్ను రేటు ఆమోదం పొందలేదు. మెజారిటీ ఉంటే చాలు అనుకునేవాళ్లకు ఈ లెక్క తెలిసి ఉండాలి.

అందుకని నా సలహా ఇది: సివిల్ ఇంజనీరింగ్, అకౌంటింగ్, పట్టణ ప్రణాళిక, న్యాయశాస్త్రం, వీటిలో ఏదో ఒకటి గట్టిగా పట్టుకోనివ్వండి. లైసెన్సు వచ్చే వృత్తి అయితే మరీ మంచిది. రాజనీతి శాస్త్రం ఒక్కటే చదివి, ప్రచారాల్లో పనిచేసి, నేరుగా పోటీకి దిగినవాళ్లు ఓడిపోతే చేతిలో ఏమీ ఉండదు. గెలిస్తే ఇంజనీరు చెప్పింది సరో కాదో తేల్చుకోలేరు. ఇంజనీరింగ్ దారికి మన తెలుగు నేల నుంచే ఒక ఉదాహరణ ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ సివిల్ ఇంజనీరింగ్ చదివి, మేరీలాండ్‌లోని మాంట్‌గొమరీ కౌంటీ రవాణా శాఖలో దాదాపు 25 ఏళ్లు పనిచేశారు. 2010లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు, 2023లో లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. కౌంటీ రోడ్ల శాఖలో ఉద్యోగం చేసినవాళ్లకు ఫైలు ఎక్కడ ఆగుతుందో, కాంట్రాక్టు వ్యయం మధ్యలో ఎందుకు పెరుగుతుందో తెలిసి ఉంటుంది.

డిగ్రీ తర్వాత పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్ చేయాలనుకుంటే డెంటన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌కు స్థానిక ప్రభుత్వాల నిర్వహణలో మంచి పేరుంది. ఆస్టిన్‌లో ఎల్‌బీజే స్కూల్, కాలేజ్ స్టేషన్‌లో బుష్ స్కూల్ ఉన్నాయి. ఎన్నికయ్యాక కూడా చదువు ఆగదు. కమిషనర్లు ప్రతి ఏటా 16 గంటల శిక్షణ పూర్తి చేయాలని చట్టమే చెబుతుంది. ఎక్కువమంది ఆ గంటలను టెక్సస్ అసోసియేషన్ ఆఫ్ కౌంటీస్, వీజీ యంగ్ ఇన్‌స్టిట్యూట్ సదస్సుల్లో పూర్తి చేస్తారు.

మరి చిన్న వయసులో గెలిచినవాళ్లు లేరా అని అమ్మాయి అడుగుతుంది. ఉన్నారు. కొలంబియాలో పుట్టిన లీనా హిడాల్గో 2018లో 27 ఏళ్లకే హ్యారిస్ కౌంటీ జడ్జిగా గెలిచారు, అదీ 2007 నుంచి ఆ కుర్చీలో ఉన్నాయన మీద. ఆ ఎన్నికలో ఒక్క గుర్తుతో పార్టీ అభ్యర్థులందరికీ ఓటేసే పద్ధతి అమల్లో ఉందని కూడా చెప్పండి. 2020 నుంచి అది లేదు. బ్యాలెట్ పొడుగ్గా ఉంటుంది, కింద ఉన్న కౌంటీ పదవుల దాకా చాలామంది ఓటర్లు రారు. అక్కడిదాకా తీసుకురాగలిగేది పేరు పరిచయమే. ఇంకో మాట, పదవిలోకి వచ్చిన మూడు నెలల్లోపే, 2019 మార్చిలో, డీర్ పార్క్‌లో రసాయన ట్యాంకుల మంటలు ఆమె ముందుకు వచ్చాయి. విపత్తు వస్తే కౌంటీలో ముందు నిలబడాల్సింది కౌంటీ జడ్జే. స్థానిక విపత్తు ప్రకటన కౌంటీ జడ్జి సంతకంతో జరుగుతుంది. 7 రోజులు దాటి కొనసాగాలంటే కమిషనర్స్ కోర్ట్ ఒప్పుకోవాలి. తుపాను మీ ఇంటి మీదికి వచ్చే కౌంటీలో ఇది పుస్తకాల్లో చదివి వదిలేసే నియమం కాదు.

ఇప్పుడు 17 ఏళ్లకు ఏం చేయొచ్చు? చేయగలిగింది చాలా ఉంది. 16 నిండిన, పౌరసత్వం ఉన్న విద్యార్థులు తల్లిదండ్రులు, ప్రిన్సిపాల్ అనుమతితో పోలింగ్ కేంద్రంలో స్టూడెంట్ ఎలక్షన్ క్లర్క్‌గా పనిచేయొచ్చు, జీతం కూడా ఇస్తారు. ఒక్క ఎన్నిక రోజంతా ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఓటరు జాబితా, ప్రిసింక్ట్ హద్దులు, ప్రొవిజనల్ బ్యాలెట్లు (అర్హత తర్వాత తేల్చే ఓట్లు) వంట పట్టేస్తాయి. 17 ఏళ్ల 10 నెలలు నిండగానే ఓటరు నమోదుకు దరఖాస్తు పెట్టొచ్చు, 18 నిండాక ఓటేయొచ్చు. 18 తర్వాత కౌంటీ ఇచ్చే శిక్షణ తీసుకుని వాలంటీర్ డిప్యూటీ రిజిస్ట్రార్ అయితే మన తెలుగు కుటుంబాల ఓటరు ఫారాలు తనే నింపించి తీసుకెళ్లొచ్చు. ఇంటింటికీ వెళ్లే అలవాటు అక్కడే మొదలవుతుంది.

మొదటి పోటీకి కమిషనరు పదవినే ఎంచుకోనక్కర్లేదు. మీ ప్రాంతంలో నీళ్లు, మురుగు, వరద కాలువలు చూసే 'మడ్'లు, అంటే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్టులు, ఇంటి బిల్లులో కనిపిస్తూనే ఉంటాయి. ఒక్కోదానికి ఐదుగురు డైరెక్టర్లు ఉంటారు. పార్టీ గుర్తు లేని ఎన్నిక, కొన్నిసార్లు పోటీయే ఉండదు. బాండ్లు, టెండర్లు, ఇంజనీరు నివేదికలు చదవడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు కనపడదు. 75,000 జనాభా దాటిన కౌంటీల్లో అప్రైజల్ డిస్ట్రిక్ట్ బోర్డులో ముగ్గురు సభ్యులను 2024 మే నుంచి ప్రజలే ఎన్నుకుంటున్నారు, అదీ ఒక మెట్టే. తన పార్టీ ఏదో తేల్చుకున్నాక ప్రిసింక్ట్ చైర్‌గా (ఒక చిన్న పోలింగ్ ప్రాంతంలో పార్టీ బాధ్యులుగా) పనిచేస్తే ప్రైమరీ ఓటర్లు, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచే ఎన్నికలో ఓటేసేవాళ్లు, ముఖాముఖి తెలుస్తారు. టెక్సస్‌లో పార్టీ సభ్యత్వ నమోదు ఉండదు, ఏ ప్రైమరీలో ఓటేస్తే ఆ ఏడాదికి ఆ పార్టీ.

పోటీ చేసే ఏడాది వచ్చినప్పుడు తేదీలే ప్రాణం. 1, 3 ప్రిసింక్ట్‌ల కమిషనర్ల ఎన్నిక అధ్యక్ష ఎన్నికల ఏడాదిలో, 2, 4 ప్రిసింక్ట్‌లదీ కౌంటీ జడ్జిదీ గవర్నరు ఎన్నికల ఏడాదిలో జరుగుతుంది. పదవీకాలం నాలుగేళ్లు. పార్టీ ప్రైమరీకి నామినేషన్ అంతకుముందు ఏడాది డిసెంబరు రెండో సోమవారం సాయంత్రం 6 గంటలకు ముగుస్తుంది. ప్రైమరీ మార్చి మొదటి మంగళవారం. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మే నాలుగో మంగళవారం రనాఫ్ (రెండో విడత ఓటింగ్). 2 లక్షల జనాభా దాటిన కౌంటీలో కమిషనరు పదవికి నామినేషన్ రుసుము 1,250 డాలర్లు, చిన్న కౌంటీల్లో 750. రుసుము బదులు సంతకాల పిటిషన్ ఇవ్వొచ్చు. ఆ ప్రిసింక్ట్‌లో గవర్నరు పదవికి పోలైన ఓట్లలో 2 శాతం లేదా 500, ఏది తక్కువైతే అన్ని సంతకాలు. వేరే ప్రిసింక్ట్ వాళ్లవి, తేదీ లేనివి కొట్టేస్తారు కాబట్టి సగం ఎక్కువే సేకరించాలి. దరఖాస్తు నోటరీ ముందు ప్రమాణంతో సంతకం చేయాలి. ఆఖరి రోజు సాయంత్రం నోటరీ దొరక్క, ప్రిసింక్ట్ నంబరు తప్పు రాసి, చెక్కు వెనక్కొచ్చి బ్యాలెట్ దూరమయ్యే ప్రమాదం ఉంది. వారం ముందే ఇచ్చేస్తే దిద్దుకునే వ్యవధి ఉంటుంది.

పేరు సంగతి మన వాళ్లకు ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, ఓటరు కార్డులో ఇంకోచోట ఉంటే ఇప్పుడే సరిచేయించండి. పొడుగు పేరున్నవాళ్లు బ్యాలెట్ మీద పొట్టి రూపం లేదా ముద్దుపేరు పెట్టుకోవచ్చు. ముద్దుపేరు ఒకే మాటగా, 10 అక్షరాలకు మించకుండా ఉండాలి, కనీసం మూడేళ్లుగా ఆ పేరుతో జనం పిలుస్తుండాలి, నినాదంలా ఉండకూడదు. అందుకని ఏ పేరుతో బతకాలనుకుంటుందో కాలేజీలోనే తేల్చుకోమనండి.

డబ్బు విషయంలో మన సమాజం ఎక్కువగా తప్పటడుగు వేసేది మంచి మనసుతోనే. ఒక్క డాలరు తీసుకోకముందే, ఖర్చు పెట్టకముందే ప్రచార కోశాధికారి నియామకం ఫారం కౌంటీలో ఇవ్వాలి. అభ్యర్థి తానే కోశాధికారి కావచ్చు. కార్పొరేషన్ల నుంచి విరాళం నిషిద్ధం. మీ కన్సల్టెన్సీ ఇన్‌కార్పొరేటెడ్ కంపెనీ అయితే దాని చెక్కు రాయకూడదు, దాని ఆఫీసు ప్రింటరు మీద కరపత్రాలు కూడా వేయించకూడదు, అదీ విరాళం కిందే లెక్క. నగదైతే ఒక్కొక్కరి నుంచి ఒక నివేదిక కాలానికి 100 డాలర్లు దాటకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు విరాళం ఇవ్వొచ్చు. హెచ్1బి మీద ఉన్నవాళ్లు, చూడ్డానికి వచ్చిన తాతయ్యలు, ఊళ్లో ఉన్న మేనమామలు ఇవ్వకూడదు. జీతం లేకుండా తలుపులు తట్టడానికి మాత్రం వీసా మీద ఉన్నవాళ్లూ రావచ్చు. 501(సి)(3) హోదా (పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ హోదా) ఉన్న తెలుగు సంఘాలు, దేవాలయాలు ఏ అభ్యర్థినీ సమర్థించకూడదు. ఉగాది వేదిక మీద ఒక్కరికే మైకు ఇస్తే వాళ్ల పన్ను మినహాయింపుకే ముప్పు.

గెలిచాక చిక్కులు ఇంకో రకం. ముగ్గురుంటే కోరం (సభ జరగడానికి కావాల్సిన కనీస సంఖ్య) అయ్యే సభ కాబట్టి ఒక కమిషనరు రెండోవాళ్లతో, ఆ రెండోవాళ్లు మూడోవాళ్లతో వాట్సాప్‌లో అదే విషయం మాట్లాడుకుంటే అది రహస్య సభ కిందికి వచ్చి నేరమవుతుంది. మేనల్లుడికి కౌంటీలో ఉద్యోగం వేయించడం బంధుప్రీతి చట్టం కిందికి వస్తుంది, రక్తసంబంధంలో మూడో అంచె దాకా నిషేధం. ఏదైనా వ్యాపారంలో 10 శాతం వాటా లేదా 15,000 డాలర్ల విలువైన వాటా ఉండి, ఆ వ్యాపారానికి లాభం కలిగే అంశం సభ ముందుకు వస్తే అఫిడవిట్ ఇచ్చి ఓటింగ్‌కు దూరంగా ఉండాలి. రోడ్డు వేయబోయే దారిలో మీకు 2,500 డాలర్లు లేదా అంతకు మించిన విలువైన స్థలం ఉన్నా ఇదే లెక్క. మన కుటుంబాల్లో స్థలాల పెట్టుబడులు మామూలే, అందుకని ఇంట్లో అందరి ఆస్తుల జాబితా ముందే రాసి పెట్టుకోవాలి. ఇంకొకటి, పదవీకాలం ఏడాది మీద 30 రోజులకు మించి మిగిలి ఉండగా వేరే పదవికి పోటీ చేస్తానని ప్రకటిస్తే, ఆ క్షణమే ఉన్న పదవికి రాజీనామా చేసినట్టు లెక్క. ఒక సమావేశంలో నోరు జారినా చాలు.

జీతం కమిషనర్స్ కోర్టే బడ్జెట్‌లో నిర్ణయిస్తుంది, ముందుగా పత్రికలో ప్రకటించాలి. చిన్న కౌంటీల్లో దానితో కుటుంబం గడవడం కష్టం, పెద్ద కౌంటీల్లో మంచి ఉద్యోగానికి తగ్గట్టే ఉంటుంది. కౌంటీలో ఉద్యోగిగా చేసిన ఏళ్లు, ఎన్నికైన ఏళ్లు రెండూ కౌంటీ పింఛను వ్యవస్థలో కలిసి లెక్కకొస్తాయి. ముందు ఉద్యోగం, తర్వాత పోటీ అనడానికి అదీ ఒక కారణం.

ఈ వేసవిలో ఒక్క పని చేయించండి. రిచ్‌మండ్‌లో జరిగే కమిషనర్స్ కోర్ట్ ఎజెండా, దాని వెంట వచ్చే కాగితాలు కౌంటీ ముందే ప్రజల ముందు పెడుతుంది. అందులో మీ ప్రిసింక్ట్‌కు చెందిన ఒక రోడ్డు కాంట్రాక్టును ఎంచుకోమనండి. టెండరు ఎవరికి వచ్చింది, ఎంతకు వచ్చింది, ఎన్నిసార్లు మార్పు ఉత్తర్వులతో మొత్తం పెరిగింది, ప్రతిసారీ ఏం కారణం చెప్పారు, ఎవరెవరు ఎలా ఓటేశారు, ఇవన్నీ ఒక నోటుబుక్కులో తేదీల వారీగా రాయమనండి. నెలకోసారి ఆ రోడ్డు దగ్గరికి తీసుకెళ్లి చూపించండి. ఏడాది తర్వాత కూడా ఆ నోటుబుక్కు ఆమె తనంతట తాను నింపుతూ ఉంటే, కాలేజీ దరఖాస్తులో ఏ కోర్సు రాయాలో మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవచ్చు.